850 కమాండోకి కొత్త బెండ్ పైపులు: మధ్యలో అడ్డ పైపు ఉండాలా, వద్దా?

ఒకటే కిక్కు:
నాది 1973 నార్టన్ కమాండో 850 బైకు. ఇంజన్ పొగను సైలెన్సర్లకు తీసుకెళ్లే ముందు రెండు బెండ్ పైపులనూ కలుపుతూ ఒక అడ్డ పైపు ఉంటుంది కదా, ఎడమ పక్క ఆ అతుకు దగ్గర తుప్పు తినేసింది. ఒకచోట వెల్డింగ్ పెట్టిస్తే పక్కనే ఇంకో చిల్లు పడుతోంది, రేకు అంత పలచబడింది. ఇక కొత్తవి వెయ్యక తప్పదు. 850కి మొదట వచ్చినట్టు అడ్డ పైపుతో ఉన్న జత ఒకటి, 750 కమాండోలో లాగా దేనికది విడిగా ఉండే జత ఒకటి, రెండూ దొరుకుతున్నాయి. ఏది మేలు? బండి ప్రదర్శనలకు కాదు, నడపడానికే.

పాత పానా:
కళ్లు మూసుకుని విడి పైపులు వెయ్యండి. కమాండోలో పైపు ముందు కొసను పట్టి ఉంచే నట్టు ఎక్కేది హెడ్‌లో (సిలిండర్ పైమూత) కోసిన మరల్లోకే, హెడ్డేమో అల్యూమినియం. నట్టు కాస్త లూజై అదరడం మొదలైందంటే ఆ మెత్తటి మరలు అరిగిపోతాయి. అప్పుడు హెడ్ విప్పి, పోర్టు (పొగ బయటికొచ్చే రంధ్రం) పెద్దది చేసి, కంచు బుష్ దించి కొత్త మర కోయించాలి. పైపుల ఖర్చు దాని ముందు ఎంత? అడ్డ పైపు ఉంటే రెండు పైపులూ ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. అందులోనూ ఇప్పుడు వచ్చే నకలు పైపుల వంపులు అంత కచ్చితంగా ఉంటాయని ఆశించకండి.

రోజ్ నట్:
"కళ్లు మూసుకుని" అన్న మాట ఒప్పుకోను. ఆ అడ్డ పైపు అందానికి పెట్టింది కాదు. ఈ ఇంజన్‌లో పిస్టన్లు రెండూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి వస్తాయి. కానీ క్రాంక్ ఒక రౌండ్ తిరిగితే ఒక సిలిండర్, తర్వాతి రౌండ్‌కు రెండోది పేలుతుంది. అంటే ఒక సిలిండర్ పొగ వదిలే సమయానికి రెండో పక్క సైలెన్సర్ ఖాళీగానే ఉంటుంది. దారి కలిపితే ఆ పొగ రెండు సైలెన్సర్లలోనూ సర్దుకుంటుంది. లోపల ఇంకా అడ్డంకులు పెట్టకుండానే శబ్దం తగ్గుతుంది.

ఇంకోటి, నట్టు లూజవడానికి పైపు అటూ ఇటూ తిరగడం కూడా ఒక కారణం. రెండూ కలిసి ఉంటే ఏదీ ఒంటరిగా తిరగదు. మీరు అతుకును దోషి అంటున్నారు, నేను సరిగ్గా బిగించని చేతిని అంటున్నాను.

పాత పానా:
శబ్దం సంగతి నిజమే. కానీ ఆ అతుకు పోర్టులకు దగ్గరగా, ఎక్కువ వేడి తగిలే చోట ఉంది. అక్కడ పొగ కారకుండా చూసుకోవడం రోజూ ఉండే తలనొప్పి. కిక్కు గారి పైపు కూడా సరిగ్గా అక్కడే పోయింది, గమనించారా?

బిగించే చేతి గురించి మాత్రం మీతో ఏకీభవిస్తాను. నేను చూసిన పాడైన హెడ్లలో సగం వాటికి కారణం క్రమం తప్పడమే. ముందు వెనక సైలెన్సర్ గట్టిగా బిగించేసి, తర్వాత పైపును బలవంతంగా పోర్టులోకి నెట్టి, నట్టుతో లాగి కూర్చోబెడతారు. నట్టు పని లాగడం కాదు. అన్నీ వేలితో తిరిగేంత లూజుగా తగిలించాలి. పైపు పోర్టులో తనంతట తాను తిన్నగా కూర్చోవాలి, నట్టు చేత్తోనే చివరిదాకా ఎక్కాలి. ఎక్కకపోతే ఆపండి, పానా తియ్యకండి, పైపును సరిచెయ్యండి. ముందు పోర్టు నట్లు, తర్వాత సైలెన్సర్ క్లాంపులు, చిట్టచివర వెనక బ్రాకెట్లు. గాస్కెట్లు కొత్తవి. మొదటిసారి బండి బాగా వేడెక్కాక, ఆ వేడి మీదే కొక్కెం పానాతో మళ్లీ బిగించాలి (చేతికి తొడుగు మరవద్దు), ఎందుకంటే గాస్కెట్ వేడికి నొక్కుకుని కొంత చోటు వదులుతుంది. నట్టు కదలకుండా పట్టే లాక్ వాషర్ చెవిని అది అయ్యాకే మడవాలి.

వెనక రబ్బర్లు కూడా చూడండి. కమాండోలో ఇంజన్ రబ్బర్ల మీద కూర్చుని ఉంటుంది, ఐడిలింగ్‌లో కంటికి కనిపించేంత ఊగుతుంది. సైలెన్సర్ రబ్బర్లు గట్టిపడి రాయిలా అయితే ఆ ఊపంతా ఎక్కడికి పోతుంది? హెడ్ మరల మీదికే.

మసి గొట్టం:
మీ ఇద్దరి గొడవలో నాదో చిన్న ప్రశ్న. క్రోమా, స్టెయిన్‌లెస్సా? నేను స్టెయిన్‌లెస్ వేశాను. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, దగ్గరి ప్రయాణాల్లో అది పూర్తిగా బయటికి పోక లోపలే నీరవుతుంది. మామూలు ఇనుప పైపు లోపలి నుంచే కుళ్లుతుంది, బయట క్రోమ్ ఎంత మెరిసినా సరే. ఒక్క విషయం, స్టెయిన్‌లెస్ వేడికి బంగారు రంగుకు తిరుగుతుంది, కొందరికి నచ్చదు.

రోజ్ నట్:
ఒకే పొర ఉన్న పైపైతే క్రోమ్ కూడా పోర్టు దగ్గర నీలంగా మారుతుంది. త్వరగా, బాగా ముదురుగా మారితే పైపును తిట్టకండి, పెట్రోల్-గాలి మిశ్రమం పలచగా ఉందేమో, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) వెనకబడిందేమో చూడండి.

ఒకటే కిక్కు:
కుడి పక్క పాత నట్టు కదలట్లేదు. నూనె పోసి రాత్రంతా ఉంచాను. గట్టిగా తిప్పితే మరలు వస్తాయేమోనని టెన్షన్.

పాత పానా:
తిప్పకండి. నట్టును త్యాగం చెయ్యండి. మరల దాకా దిగకుండా పక్కనుంచి నిలువుగా కోసి, ఉలితో పగలగొట్టండి. నట్టు మళ్లీ కొనొచ్చు, హెడ్ అంత సులభం కాదు. కొత్త నట్టు మరలకు వేడిని తట్టుకునే రాగి గ్రీజు పల్చగా రాయండి.

రోజ్ నట్:
గ్రీజు రాస్తే నట్టు ఇంకా సులభంగా లూజవుతుందని నా అనుమానం, కానీ తర్వాత విప్పాల్సినప్పుడు కోయడం కంటే నయమే. రాయండి.

ఒకటే కిక్కు:
నట్టు కోసి తీశాను, మరలు బాగానే ఉన్నాయి. విడి పైపులే, స్టెయిన్‌లెస్‌లో తీసుకుంటున్నాను. శబ్దం పెరిగితే భరిస్తాను, ఆ అతుకును మళ్లీ మళ్లీ చూసుకునే ఓపిక నాకు లేదు.

రోజ్ నట్:
మీ బండి, మీ ఇష్టం. నా 850కి అడ్డ పైపు ఉంది, ఉంటుంది. మీరు మార్చాక కాస్త దూరం నడిపి ప్లగ్గులు విప్పి చూడండి. తెల్లగా ఉంటే పెట్రోల్ చాలట్లేదని, కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి. కుడి పక్క పాత పైపు బాగానే ఉందన్నమాట, దాన్ని పారేసే ఉద్దేశం ఉంటే ముందు నాకు చెప్పండి.