కోడళ్లకు రూతును ఉదాహరణగా చెప్పడం సరైనదేనా?

నెల్లూరు కోడలు
వందనాలండీ. మా సంఘంలో స్త్రీల కూడికలో మళ్లీ బైబిల్లోని రూతు గ్రంథమే. కొత్తగా పెళ్లయిన అమ్మాయిల్ని ముందు కూర్చోబెట్టి, అత్తను విడిచిపెట్టని కోడలికే దీవెన అని చెప్పారు. నాకో సందేహం. నువ్వు వెళ్లే చోటికే నేనూ వస్తానని రూతు అత్త నయోమితో అన్నప్పటికే ఆమె భర్త మహ్లోను చనిపోయాడు. మామ ఎలీమెలెకు లేడు, మరిది కిల్యోను లేడు. కరువుకి బేత్లెహేము వదిలి మోయాబు దేశం వెళ్లిన ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురు విధవరాండ్రే. భర్త ఉద్యోగం చేస్తూ, మామగారికి పెన్షన్ వస్తున్న ఇంటికి ఇది ఎలా సరిపోతుంది?

పాత కీర్తన
అమ్మా, వాక్యంలో సందులు వెతక్కండి. ఇద్దరు కోడళ్లు. ఓర్పా ముద్దు పెట్టుకుని వెళ్లిపోయింది, రూతు హత్తుకుని ఉండిపోయింది. వెళ్లినామె పేరు తర్వాత ఎక్కడా వినపడదు. ఉన్నామె దావీదుకి ముత్తవ్వ అయింది, మత్తయి మొదటి అధ్యాయంలో యేసు వంశావళిలోకి ఎక్కింది. ఇంకా ఏం కావాలి?

నెల్లూరు కోడలు
వెళ్లమన్నది నయోమియే కదండీ! 1:8లో మీ తల్లుల ఇళ్లకు వెళ్లండని ఇద్దరికీ చెప్పి, ఇద్దర్నీ దీవించింది. ఆ లెక్కన అత్త మాట విన్న కోడలు ఓర్పాయే.

డల్లాస్ తమ్ముడు
ఓర్పాకి లాయర్ దొరికారు.

పాత కీర్తన
1:15 కూడా చదవండి. తన దేవుడి దగ్గరికి తిరిగి వెళ్లిపోయిందని రాసి ఉంది. మోయాబీయుల దేవుడు కెమోషు. విగ్రహం దగ్గరికి పోయినామెను వెనకేసుకొస్తున్నారా?

నెల్లూరు కోడలు
నేను అడిగింది ఓర్పా గురించి కాదు.

పాత కీర్తన
మీరే తెచ్చారు. జవాబు చెప్పండి, ఓర్పా చేసింది ఒప్పా తప్పా?

డల్లాస్ తమ్ముడు
పురుషుడు తల్లిదండ్రుల్ని విడిచి భార్యను హత్తుకోవాలని ఆదికాండం 2:24లో ఉంది. పెళ్లిలో చదువుతారు, మర్నాటి నుంచి మర్చిపోతారు.

పాత కీర్తన
తమ్ముడూ, మార్కు 7 చదువు. కొర్బాను, అంటే దేవుడికి అర్పించేశాం అన్న పేరు చెప్పి అమ్మానాన్నల్ని ఎగ్గొట్టినవాళ్లను ప్రభువు ఏమన్నాడో చూడు. మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. కోడలు నాలుగు రోజులుండి వాళ్లమ్మగారింటికి వెళ్లిపోయింది. అబ్బాయేమో మనిషిని పెట్టుకోండి, డబ్బు పంపిస్తానన్నాడు. ఈ వయసులో ఇడ్లీలు వేసింది నేను. మీ వాదనలన్నీ అక్కడికే చేరతాయి.

నెల్లూరు కోడలు
పాపం, మీ కష్టం అర్థమైంది. కానీ మీ అబ్బాయి అసలు రానేలేదు, కోడలు నాలుగు రోజులైనా ఉంది. కోపం మాత్రం ఆవిడ మీద. వాళ్లమ్మగారికి ఎలా ఉందో అడిగారా?

పాత కీర్తన
మా ఇంటి సంగతి మీకెందుకమ్మా?

నెల్లూరు కోడలు
చెప్పింది మీరే కదా.

ముగ్గురు కోడళ్ల అత్త
నేనూ ఒక మాట అంటా. మూడో అధ్యాయం ఎవరూ చెప్పరేం? రూతుకి ఒక ఇల్లు చూడాలని నయోమి తనంతట తానే పూనుకుని, తన భర్త బంధువు బోయజు కళ్లానికి పంపింది. చనిపోయిన కొడుకు భార్యకి మళ్లీ పెళ్లి కుదిర్చిన అత్త ఆవిడ. మనలో అలా చేసినవాళ్లు ఎంతమంది? మా వీధిలోనే ఒకమ్మాయికి ముప్పై నిండకుండా భర్త పోయాడు. మళ్లీ పెళ్లి మాటెత్తితే అత్తగారు పాస్టరమ్మ మీదికే లేచింది.

పాత కీర్తన
అది అప్పటి ధర్మశాస్త్రం. చనిపోయినవాడి భూమిని దగ్గరి బంధువు విడిపించి, అతని భార్యను చేసుకోవాలన్న నియమం ఉండేది.

ముగ్గురు కోడళ్ల అత్త
అయితే రూతు మాట ఇప్పటికీ చెల్లుతుంది, నయోమి పని మాత్రం అప్పటిదా?

కృప చాలు
ఆమేన్ అక్కా.

నెల్లూరు కోడలు
సరే, దాచడమెందుకు. మా అమ్మ విధవరాలు, నేనొక్కదాన్నే కూతుర్ని. నా జీతంలోంచి కొంత పంపితే మా అత్తింట్లో పుట్టింటికి దోచిపెడుతున్నానన్నారు. క్రిస్మస్‌కి అమ్మ దగ్గరికి వెళ్తానంటే రూతు వెళ్లిందా అన్నారు. 1 తిమోతి 5:16 తీయండి. విశ్వాసురాలి ఇంట విధవరాండ్రుంటే ఆమే సాయం చేయాలని ఉంది.

పాత కీర్తన
ఇంట అన్నాడు. అంటే అత్తగారే.

నెల్లూరు కోడలు
5:4లో తల్లిదండ్రుల రుణం తీర్చాల్సింది పిల్లలు, మనుమలు. నేను మా అమ్మకి పిల్లని కానా?

పాత కీర్తన
సూటిగా చెప్పండి. పెళ్లి చేసుకున్న పాపానికి మా అబ్బాయి వాళ్ల అత్తగారి బరువు కూడా మోయాలా?

నెల్లూరు కోడలు
మోయాలండీ. మా అత్తగారికి బీపీ మాత్రలు తెచ్చి ఇచ్చేది నేనే, వాళ్లబ్బాయి కాదు.

పాత కీర్తన
ఇది బైబిల్ చర్చ కాదు, మీ ఇంటి గొడవ.

డల్లాస్ తమ్ముడు
మోకాలి ఆపరేషన్ ఏ అధ్యాయంలో ఉందండీ?

ముగ్గురు కోడళ్ల అత్త
ఈసారి పురుషుల కూడికలో నిర్గమకాండం 18 చెప్పమని మా పాస్టరుగారిని అడిగాను. ఒక్కడివే ఇంత పని చేస్తే నలిగిపోతావని మామ యిత్రో చెబితే మోషే అంతటివాడు విన్నాడు. అల్లుళ్లకి అదీ చెప్పాలిగా. చూద్దామన్నారు.

పాత కీర్తన
18:27 చూసుకోండి. యిత్రో చెప్పాల్సింది చెప్పి తన దేశానికి వెళ్లిపోయాడు. అల్లుడి దగ్గర ఉండిపోలేదు.