చిగుళ్ళ జబ్బుకి డీప్ క్లీనింగ్: కొలతలు, సిట్టింగులు, తర్వాతి జాగ్రత్తలు (బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం)

పటమట_లంక:
డీప్ క్లీనింగ్ (చిగురు కింద వేరు మీది గార తీయడం) మీద ప్రశ్నలన్నీ తలో చర్చలో చెల్లాచెదురుగా ఉన్నాయి, ఒక్కచోటికి చేరుద్దాం. వైద్యం తెలిసినవాళ్ళూ క్లినిక్కుల్లో పనిచేసేవాళ్ళూ అంకెలతో సహా రాయండి. అందరూ ముందుగా అడిగేది ఇది: మామూలు స్కేలింగ్ చాలదు, లోపలిదాకా చెయ్యాలి అని డాక్టరు గారంటే అది నిజంగా అవసరమో కాదో మనకి తెలిసేదెలా?

బ్రాడీపేట_పెరియో:
కొలత అడగండి. మి.మీ. గుర్తులున్న సన్నటి ప్రోబ్‌ని చిగురుకీ పంటికీ మధ్య దించి ఒక్కో పంటికి ఆరు చోట్ల లోతు చూస్తారు, బయటివైపు మూడు, లోపలివైపు మూడు. 1 నుంచి 3 మి.మీ. ఉండి రక్తం రాకపోతే బాగున్నట్టే. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, ప్రోబ్ తగలగానే రక్తం వస్తే అక్కడ పని ఉందన్నమాట. అయితే చిగురు వాచి పైకి ఉబ్బినా 4 చూపిస్తుంది, ఎముక మాత్రం చెక్కుచెదరకపోవచ్చు. ఆ తేడా చెప్పేది ఎక్స్‌రే. ఎనామెల్ ఆగిపోయే గీతకి 1, 2 మి.మీ. దిగువన ఎముక అంచు కనిపిస్తే ఎముక నిలిచి ఉన్నట్టు. ఓపీజీ అనే పెద్ద ఎక్స్‌రేలో దవడ మొత్తం ఒక్కసారే కనబడుతుంది గానీ, ఫలానా పంటి దగ్గర ఎంత తగ్గిందో చూడాలంటే ఆ పంటికి చిన్న ఎక్స్‌రే తీయాల్సిందే.

కొలతల కాగితం లేకుండా "నోరంతా డీప్ క్లీనింగ్" అంటే ఒప్పుకోకండి. లోతు లేనిచోట వేరుని గీకితే నష్టం. 1982లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఆ హద్దుని 2.9 మి.మీ. దగ్గర పెట్టింది. అంతకన్నా తక్కువ లోతులో గీకితే గట్టిగా పట్టుకుని ఉన్న చిగురే ఊడి కిందికి దిగుతుంది. అందుకే ఒకే నోట్లో కొన్ని పళ్ళకి డీప్ క్లీనింగ్, మిగతావాటికి మామూలు స్కేలింగ్ అవసరం కావడం సర్వసాధారణం.

పొగాకు బోర్డు ఆఫీసున్న ఊరు మనది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళకి నికోటిన్ వల్ల చిగుళ్ళలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. లోపల 6, 7 మి.మీ. లోతున్నా బ్రష్ చేసేటప్పుడు రక్తం కనబడదు. రక్తం రావట్లేదు కదా అని వాళ్ళు ధీమాగా ఉండకూడదు.

కృష్ణలంక_అసిస్టెంట్:
కుర్చీలో జరిగేది రాస్తాను.

కొత్త పద్ధతిలో నోరంతా 24 గంటల్లోపే రెండు సిట్టింగుల్లో ముగించేవాళ్ళూ ఉన్నారు, ఫలితంలో పెద్ద తేడా లేదు. మన దగ్గర ఎక్కువగా నోటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 45 నిమిషాల నుంచి గంట తీసుకుంటారు. కుడివైపు పైదీ కిందదీ ఒకరోజు, ఎడమవైపువి వారం తర్వాత. ఇలా చేస్తే రెండోవైపుతో నమలొచ్చు. కింది దవడ రెండువైపులా ఒకేసారి మత్తు ఇస్తే నాలుక మొత్తం మొద్దుబారుతుంది, అది మంచిది కాదు.

మత్తుకి మామూలుగా వాడేది 2 శాతం లిగ్నోకెయిన్, అందులో 1:80,000 పాళ్ళలో అడ్రినలిన్. తిమ్మిరి రెండు మూడు గంటలుంటుంది. ఆ లోగా ఏదైనా తింటే బుగ్గో పెదవో కొరుక్కుంటారు, వేడి టీ కాలినా తెలియదు. కాబట్టి ఇంటి దగ్గరే కడుపునిండా తిని రావాలి. షుగర్ ఉన్నవాళ్ళు టిఫినూ మాత్రా రెండూ వేళకి తీసుకుని పొద్దున పూట అపాయింట్‌మెంట్ పెట్టుకోవాలి.

ముందు అల్ట్రాసోనిక్ స్కేలర్. దాని మొన సెకనుకి పాతిక, ముప్ఫై వేల సార్లు కంపిస్తుంది. నీళ్ళు కొట్టడం కడగడానికి మాత్రమే కాదు, మొన వేడెక్కకుండా కూడా. నీళ్ళు సన్నగా వస్తూ పన్ను వేడిగా అనిపిస్తే వెంటనే చెయ్యి ఎత్తి చెప్పండి. డీప్ క్లీనింగ్‌కి వాడే సన్నటి పొడుగు మొన వేరే ఉంటుంది, పైపై స్కేలింగుకి వాడే లావు మొన 5 మి.మీ. లోతుకి దిగదు.

తర్వాత చేతి పనిముట్లు, గ్రేసీ క్యూరెట్లు. ముందు పళ్ళకి 1-2, 3-4 నంబర్లవి. దవడ పళ్ళ ముందువైపుకి 11-12, వెనకవైపుకి 13-14. నంబరు మారితే అంచు వేరుకి సరైన కోణంలో ఆనదు. అంతకన్నా పెద్ద తప్పు మొండి పనిముట్టు. అంచు పదునుగా లేకపోతే గార ఊడిరాదు, దాని మీదే నున్నగా పాలిష్ అయిపోతుంది. ప్రోబ్‌తో తడిమితే నున్నగా ఉంది, అయిపోయిందనుకుంటారు. కింద గార అలాగే ఉంటుంది.

సత్తెనపల్లి_రోడ్:
చాలామంది పెద్దవాళ్ళు "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయి, సందులు పడతాయి" అని ఆపేస్తారు. దీనికి సూటిగా ఏం చెప్పాలండీ?

బ్రాడీపేట_పెరియో:
వాళ్ళు చూసేది నిజమే, కారణం మాత్రం వేరు. చిగురు కింది గార నల్లగా గట్టిగా పేరుకుని పళ్ళని ఒకదానికొకటి సిమెంటు పెట్టినట్టు పట్టి ఉంచుతుంది. లోపల ఎముక ఎప్పుడో తగ్గింది. గార తీసేసరికి ఆ సందు బయటపడుతుంది, వాచిన చిగురు తగ్గి వేరు కొంచెం కనిపిస్తుంది. మొదటి వారం, పది రోజులు పన్ను ఇంకాస్త కదిలినట్టుంటుంది, తర్వాత వాపు తగ్గేకొద్దీ బిగుస్తుంది. ఎముక మరీ తగ్గిపోయిన పన్ను మాత్రం బిగుసుకోదు. అది ముందే చెప్పి చెయ్యడం డాక్టరు బాధ్యత. పళ్ళ మధ్య నల్లటి త్రికోణాల్లా సందులు మిగులుతాయి, చిగురు మళ్ళీ పెరిగి వాటిని నింపుతుందని ఆశ పెట్టకూడదు.

లబ్బీపేట_ఫార్మా:
మందుల సంగతి నేను రాస్తాను.

రక్తం పలచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవాళ్ళు తమంతట తామే ఆపకూడదు. ఆపితే గుండెకి వచ్చే ముప్పు చిగురు నుంచి కారే రక్తం కన్నా పెద్దది. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్ళు రక్తం గడ్డకట్టే తీరు చూపే తాజా ఐఎన్‌ఆర్ రిపోర్టు తీసుకెళ్ళాలి. 3.5 దాటితే ఆ రోజు పని వాయిదా వేసి, గుండె డాక్టరుతో మాట్లాడాకే చేస్తారు.

బీపీకి ఆమ్లోడిపిన్ వాడే కొందరిలో, మూర్ఛకి ఫెనిటాయిన్ వాడేవాళ్ళలో చిగురు లావెక్కి పంటి మీదికి పెరుగుతుంది. ఎన్నిసార్లు క్లీనింగ్ చేసినా తిరగబెడుతుంటే మందుల చీటీ చూపించండి, ఫిజీషియన్ వేరే మందుకి మార్చగలరు. కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. వాళ్ళకి పెన్సిలిన్ పడితే పనికి అరగంట, గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇస్తారు.

ఇక డీప్ క్లీనింగ్ తర్వాత అందరికీ అయిదు రోజుల అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ తప్పనిసరి.

బ్రాడీపేట_పెరియో:
లబ్బీపేట గారూ, చివరి మాట సవరించాలి, తప్పనిసరి కాదు. వేరు మీద పాచి గట్టి పొరలా పేరుకుని ఉంటే మాత్ర దాని లోపలికి సరిగా చొరబడదు, ముందు చేత్తో చెదరగొట్టాలి. గార పూర్తిగా తీస్తే ఎక్కువమందికి యాంటీబయోటిక్ లేకుండానే మానుతుంది. చిన్న వయసులోనే వేగంగా ఎముక కోల్పోతున్నవాళ్ళకి ఆ జంట మందు ఉపయోగపడుతుంది, అదీ పని ముగిశాకే. నొప్పికి ఒకటి రెండు రోజులు పారాసెటమాల్ చాలు.

లబ్బీపేట_ఫార్మా:
ఒప్పుకుంటున్నాను. చీటీల్లో ఎక్కువగా కనబడేది రాశాను, అది అందరికీ అవసరమైనది కాదు. మెట్రోనిడజోల్ రాసినవాళ్ళు మద్యం ముట్టకూడదని మాత్రం గుర్తుంచుకోండి.

పటమట_లంక:
షుగర్ సంగతి ఇంకా ఎవరూ రాయలేదు.

బ్రాడీపేట_పెరియో:
అది రెండువైపులా నడిచే సంబంధం. షుగర్ ఎక్కువుంటే చిగురు మానదు, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ దిగదు. చిగుళ్ళ వైద్యం తర్వాత మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని 2022 కాక్రేన్ సమీక్ష తేల్చింది. అందుకని షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు చిగుళ్ళ విషయం కూడా చెప్పండి. హెచ్‌బీఏ1సీ 7గానీ ఆ పైనగానీ ఉన్నవాళ్ళని చిగుళ్ళ జబ్బుల 2018 వర్గీకరణ ప్రకారం వేగంగా ముదిరే గ్రేడ్ సి కింద లెక్కిస్తాం, రోజుకి 10 సిగరెట్లు, ఆపైన తాగేవాళ్ళనీ అంతే.

కృష్ణలంక_అసిస్టెంట్:
ఇంటికెళ్ళాక చెయ్యాల్సినవి.

ఆ రోజు ఉమ్ములో గులాబి రంగు కనబడటం మామూలే. అస్తమానం ఉమ్మకండి, పుక్కిలించకండి, చిగురు అంచున కట్టిన రక్తపు గడ్డ ఊడిపోతుంది. మర్నాటి నుంచి గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి రెండు మూడుసార్లు పుక్కిలించవచ్చు. మూడు నాలుగు రోజులు ఆవకాయ, గోంగూర కారం, మిర్చి బజ్జీ మానండి. కారం మంట ఒక్కటే కాదు, మిరప గింజా ఆవ బద్దా వదులుగా ఉన్న చిగురు కింద ఇరుక్కుంటాయి. పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, ఇడ్లీ హాయి.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 0.2 శాతం అయితే 10 మి.లీ., నిమిషం పాటు, రోజుకి రెండుసార్లు, రెండు వారాలు. పేస్టుతో తోమిన వెంటనే పోస్తే పేస్టులోని నురగ పదార్థం దాని పనిని చంపేస్తుంది, అరగంట ఆగాలి. పుక్కిలించాక గంటసేపు టీ, కాఫీ తాగకండి, పళ్ళకి గోధుమరంగు పట్టేది ఎక్కువగా అందుకే. నెలల తరబడి వాడేది కాదిది.

చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమనడం కొన్ని వారాలుంటుంది. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రాత్రిపూట చిగురు అంచుకి వేలితో రాసి కడగకుండా వదిలెయ్యండి. ఫలితం రెండు నుంచి నాలుగు వారాల్లో తెలుస్తుంది. బొగ్గు, ఇటుక పొడి, ముతక పళ్ళపొడి అసలొద్దు. వేరు మీద ఎనామెల్ ఉండదు, త్వరగా అరిగిపోతుంది.

బ్రష్ మెత్తటిది, చిగురు అంచుకి 45 డిగ్రీల వాలుగా. సందులకి దారం కన్నా సందు బ్రష్ మేలు. దాని సైజు ఒక్కోచోట ఒక్కోటి, 0.4 నుంచి 1.5 మి.మీ. దాకా ఉంటాయి. కాస్త బిగువుగా దూరాలి, తీగ పంటికి గీసుకోకూడదు. సైజు క్లినిక్కులోనే అద్దం ముందు చూపించమనండి.

వినుకొండ_పలనాడు:
మా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. క్లీనింగ్‌తో పోతాయా?

కృష్ణలంక_అసిస్టెంట్:
పోవండీ. అది ఎనామెల్ తయారయ్యేటప్పుడే లోపల పట్టిన రంగు, పైన అంటుకున్న గార కాదు. అది పోవాలని గట్టిగా గీకించుకుంటే పన్ను పాడవుతుంది. దానికి వేరే వైద్యాలున్నాయి, చిగుళ్ళు కుదుటపడ్డాకే వాటి జోలికెళ్ళండి.

గన్నవరం_పీజీ:
అందరూ వదిలేసే మెట్టు ఒకటుంది, మళ్ళీ కొలవడం. క్లీనింగ్ అయిపోయిందని బిల్లు కట్టి వెళ్ళిపోతే అది సగం వైద్యమే. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, అవే ఆరు చోట్ల మళ్ళీ కొలవాలి. అంతకన్నా ముందు ప్రోబ్ దించితే అప్పుడప్పుడే అంటుకుంటున్న చిగురు చిట్లుతుంది. 4 నుంచి 6 మి.మీ. ఉన్నచోట సగటున 1 మి.మీ., 7 పైన ఉన్నచోట 2 మి.మీ. చొప్పున తగ్గుతుంది. అంటే 5 ఉన్నది 4 అయి, రక్తం ఆగితే గెలిచినట్టే. 8 ఉన్నది 6 దగ్గర ఆగి రక్తం వస్తుంటే చిగురు తెరిచి చేసే ఫ్లాప్ సర్జరీ గురించి మాట్లాడాలి.

ఎక్కువగా విఫలమయ్యేది దవడ పళ్ళ వేళ్ళు చీలేచోట. చాలా పళ్ళలో ఆ చీలిక నోరు క్యూరెట్ అంచు కన్నా ఇరుకు, ఎంత నేర్పరి చెయ్యైనా లోపలికి పోదు. పై దవడ పళ్ళకి మూడు వేళ్ళు కాబట్టి ఇంకా కష్టం.

ఖర్చు గురించి: క్లినిక్కుల్లో కొందరు పంటి లెక్కన, కొందరు పావు భాగం లెక్కన తీసుకుంటారు. మళ్ళీ కొలిచే రోజు ఫీజు అందులో కలిసిందా అని ముందే అడగండి. ఖర్చు తగ్గాలంటే విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ, చిన ఆవుటపల్లి సిద్ధార్థ, గుంటూరు తక్కెళ్ళపాడు సిబార్ ఉన్నాయి. అక్కడ పీరియోడాంటిక్స్ విభాగం అని అడిగి వెళ్ళాలి. పీజీ విద్యార్థులు చేస్తారు, సార్లు పర్యవేక్షిస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, ఆరు చోట్ల కొలతలు కేసు షీట్‌లో రాసి ఉంచుతారు. మీరు ఫోన్‌లో ఆ పేజీ ఫొటో తీసుకోండి.

సత్తెనపల్లి_రోడ్:
చేయించుకున్న వారానికి ఒక్క పన్ను దగ్గర చిగురు ఉబ్బి చీము వస్తే? అది మామూలేనా?

గన్నవరం_పీజీ:
మామూలు కాదు, వెంటనే వెళ్ళాలి. పై భాగం శుభ్రమై చిగురు మెడ బిగుసుకుంది, అడుగున గార ముక్క మిగిలింది, చీముకి బయటికి దారి లేక గడ్డ కట్టింది. యాంటీబయోటిక్ కొనుక్కుని ఇంట్లో కూర్చుంటే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. చీము వదిలించి, మిగిలిన ముక్క తీయించుకోవాలి. అరగంట పాటు గాజుగుడ్డ కొరికి పట్టినా ఆగని రక్తం, నోరు తెరుచుకోకపోవడం, జ్వరంతో దవడ కింద వాపు, వీటిలో ఏది ఉన్నా అదే రోజు వెళ్ళండి.

పటమట_లంక:
ఆ తర్వాత ఎన్నాళ్ళకోసారి వెళ్ళాలి?

గన్నవరం_పీజీ:
మొదటి ఏడాది మూడు నెలలకోసారి. పాకెట్ (చిగురుకీ పంటికీ మధ్య లోతైన సందు) లోపలి సూక్ష్మజీవులు వారాల నుంచి కొన్ని నెలల్లో మళ్ళీ పాత స్థితికి వచ్చేస్తాయి, అందుకే ఆరు నెలల గడువు వీళ్ళకి సరిపోదు. ఏడాది తర్వాత కొలతలు నిలకడగా ఉండి, రక్తం లేకపోతే నాలుగు, ఆరు నెలలకి పెంచుతారు. పొగాకు మానని వాళ్ళకి, షుగర్ అదుపులో లేనివాళ్ళకి మూడు నెలలే.