షటర్ నుంచి బైమెటల్ యోయోకి మారాలా? అంత ధర పెట్టేటప్పుడు ఏం చూడాలి?

బెజవాడ త్రో

అందరికీ నమస్తే. చాలాకాలంగా యోయోఫ్యాక్టరీ కంపెనీ షటర్ అనే అల్యూమినియం యోయోతోనే ఆడుతున్నా. అక్కడక్కడా సొట్టలు పడ్డాయి కానీ బాగానే తిరుగుతోంది. ఇప్పుడు మా అన్నయ్య సంక్రాంతికి డల్లాస్ నుంచి వస్తూ "ఏం తేవాలిరా?" అని అడిగాడు. యోయోరిక్రియేషన్ వాళ్ల డ్రాప్‌నిర్ తెమ్మందామా, లేక వన్ డ్రాప్ వాళ్ల బెంచ్‌మార్క్ సిరీస్‌లో వి-షేప్‌ది సెకండ్ హ్యాండ్‌లో వెతకమందామా అని ఊగిసలాడుతున్నా. మొదటిది అంచుకి ఉక్కు రింగులున్న బైమెటల్, రెండోది పూర్తి అల్యూమినియం.

నా అసలు బాధ హారిజాంటల్ ఆట. యోయోని పడుకోబెట్టి తిప్పడం మొదలుపెట్టగానే రెండు మూడు చుట్లకే ఒకవైపు వాలిపోయి, దారం యోయో లోపలి గోడకి రాసుకుని ఆగిపోతోంది. బైమెటల్ అయితే వాలదని అంటున్నారు. నిజమేనా? రివ్యూలు చదివితే ప్రతి యోయో "స్మూత్", ప్రతిదీ "స్టేబుల్". ఇంత ఖరీదైనది చేతికొచ్చాక, అది ఆ ధరకి తగినదో కాదో ఎలా తేల్చుకోవాలి? ఇంట్లో అమ్మకి ధర చెప్పలేదు, అదో టెన్షన్.

ప్లాస్టిక్ చాలు

బ్రో, 2014లో ప్రాగ్‌లో జరిగిన వరల్డ్ కాంటెస్ట్‌లో జెంట్రీ స్టీన్ 1ఎ (ఒక్క యోయోతో దారం ట్రిక్కులు ఆడే విభాగం) గెలిచింది నీ దగ్గరున్న షటర్‌తోనే. ఉక్కు రింగూ లేదు, ఏమీ లేదు. ఆ డబ్బుకి రీప్లే ప్రో అనే ప్లాస్టిక్ యోయో ఒకటి, ఓ పెద్ద కట్ట దారం కొనుక్కో. మిగిలింది అమ్మకి ఇచ్చెయ్.

బాలానగర్ లేతు

పైనాయన చెప్పింది నిజమే, కానీ నువ్వడిగింది వేరు. కొనాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఎలా తేల్చుకోవాలో చెప్తా. నేను బాలానగర్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్ మీద పనిచేస్తాను తమ్ముడూ, అందుకే నా చూపు ముందు తయారీ మీదికే పోతుంది. కాస్త ఓపిగ్గా చదువు.

యోయో చూడ్డానికి చిన్న జాబ్. చేసేవాడికి తెలుస్తుంది దాని తిక్క. సగాన్ని ఒకవైపు టర్నింగ్ చేసి, విప్పి, తిరగేసి మళ్లీ పట్టాలి. ఆ రెండోసారి పట్టడంలోనే ఉంది కథంతా. సాఫ్ట్ జాస్ (పీసుని పట్టుకునే మెత్తటి దవడలు) సరిగ్గా బోర్ చేసుకోకపోయినా, జాస్ మధ్య సన్నటి చిప్ ఒకటి ఇరుక్కున్నా, బేరింగ్ సీటు కేంద్రం ఒకచోట, బయటి అంచు కేంద్రం ఇంకోచోట పడతాయి. మిషన్ మీద డయల్ (తేడా కొలిచే గేజ్) పెడితే ముల్లు కదులుతుంది. నీ చేతిలో అదే వైబ్, అంటే తిరిగేటప్పుడు వచ్చే వణుకు. పైగా ఇలాంటివి రెండు సగాలు ఒకే ఇరుసు మీద కూర్చోవాలి.

బైమెటల్‌లో దీనికి ఇంకో మెలిక. ఉక్కు సాంద్రత అల్యూమినియానికి దాదాపు మూడింతలు. మొత్తం బరువు మామూలు యోయోలాగే 65 గ్రాముల దరిదాపుల్లో ఉంచి, లోపలి గోడలు పల్చగా కోసి, ఆ మిగిలిన బరువుని ఉక్కు రూపంలో అంచుకి చేరుస్తారు. తిరిగేదాని జడత్వం కేంద్రం నుంచి దూరానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, అంచున పెట్టిన ఒక్క గ్రాము నడుమ పెట్టిన చాలా గ్రాముల పని చేస్తుంది. అయితే ఉక్కు రింగు కూర్చునే చోటు కూడా నిక్కచ్చిగా రావాలి, అంటే తప్పు జరగడానికి ఇంకో జాయింట్ దొరికినట్టు. తేడా వచ్చిన పీసులు పక్కకి తీసేస్తారు, వాటినే కొందరు బి-గ్రేడ్ పేరుతో తక్కువకి అమ్ముతారు. నువ్వు కట్టే ధరలో లోహం ఖరీదు కొంతే. ఎక్కువ భాగం ఈ సెట్టింగ్ టైముకీ, తీసి పక్కన పెట్టిన పీసులకీ పోతుంది.

ఇక నీ వాలిపోయే సంగతి. తిరిగే చక్రాన్ని ఒకవైపు నుంచి దారం రాస్తే అది నెమ్మదిగా తన ముఖం తిప్పుకుంటుంది. బొంగరం వేగం తగ్గాక తల తిప్పుతుంది చూడు, అదే సూత్రం. అంచు బరువు ఎక్కువైతే ఆ తిరగడం నెమ్మదిస్తుంది, అంతేగానీ ఆగదు. ఇంకో మాట ఎవరూ చెప్పరు: బైమెటల్ ఒకసారి వాలిందంటే దాన్ని మళ్లీ నిటారుగా తేవడం కూడా అంతే మొండి పని. షటర్‌ని నువ్వు వేలితో దారం కాస్త అటు నెట్టి సరిచేసుకుంటావు. డ్రాప్‌నిర్ లాంటిదాన్ని ముందు నుంచే సరిగ్గా వెయ్యాలి. దారంలో మెలి ఎక్కువున్నా ఇదే జబ్బు. ఆటకి ముందు యోయోని కిందికి వేలాడదీసి దారాన్ని తనంతట తాను విప్పుకోనివ్వు, హారిజాంటల్ సగం బాగుపడుతుంది.

చేతికొచ్చాక ఏం చెయ్యాలంటే, ముందు నీ షటర్‌లోని బేరింగ్ తీసి దాంట్లో వెయ్యి. రెండూ సి-సైజే: లోపల 6.35, బయట 12.7, మందం 4.76 మిల్లీమీటర్లు. దారం కూడా నువ్వు రోజూ వాడేదే కట్టు. లేకపోతే కొత్త బేరింగ్ గొప్పదనాన్ని యోయో గొప్పదనం అనుకుంటావు. తర్వాత గట్టిగా వేసి, తిరుగుతుండగా గోరు కొసని అంచుకి మెల్లగా ఆనించు. గోరు జుమ్మంటే వైబ్ ఉన్నట్టు. వెంటనే తిట్టుకోకు. విప్పి, బేరింగ్ సీటులో పూర్తిగా దిగిందో లేదో చూసి, ఒక సగాన్ని కొంచెం తిప్పి మళ్లీ బిగించు. చాలాసార్లు పోతుంది. అతిగా బిగించావంటే మాత్రం అల్యూమినియం మర జారిపోతుంది, ఇక అంతే సంగతులు.

నేను ఎక్కువగా నమ్మేది ఇంకో పరీక్ష. కావాలనే వంకరగా వెయ్యి. సరిగ్గా వేస్తే ఏ యోయో అయినా మంచిదే. చేతిని పక్కకి విసిరి, వాలుగా దిగిన యోయో మీద ట్రపీజ్ (యోయోని పక్క నుంచి దారం మీదికి ఎక్కించే ట్రిక్) పట్టి ఒక చిన్న కాంబో, అంటే ట్రిక్కుల వరస, నడిపించు. డిజైన్ బాగుంటే గోడ దారాన్ని కొరకదు, జారనిస్తుంది. వి-షేప్ ఇక్కడే తన డబ్బుల విలువ చూపిస్తుంది, గోడ గ్యాప్ (రెండు సగాల మధ్య సందు) దగ్గర నుంచి నేరుగా బయటికి పోతుంది కాబట్టి. గుండ్రటి ఓ-షేప్ అరచేతిలో హాయిగా కూర్చుంటుంది కానీ దారాలు నాలుగైదు పొరలు పడ్డాక ఇరుకు. తర్వాత బైండ్, అంటే దారాన్ని గ్యాప్‌లోకి మడిచి యోయోని చేతికి రప్పించడం. మొదటి చుట్టుకే పట్టి, చివరిదాకా గట్టిగా చుట్టుకుని అరచేతికి రావాలి. సగం దారిలో జారితే ప్యాడ్‌లో (గ్యాప్ లోపల దారాన్ని పట్టే రింగు) తేడా. కొత్త సిలికాన్ ప్యాడ్ మొదట్లో బైండ్ చెయ్యకుండానే పైకొచ్చేస్తుంటుంది, దాన్ని డిజైన్ తప్పు అనకు. కొంచెం అరిగాక దారిన పడుతుంది.

స్టాప్‌వాచ్ పట్టుకుని ఎంతసేపు తిరిగిందో చూసేవాళ్లని పట్టించుకోకు. నువ్వు ఆడే కాంబోలకి షటర్ తిరిగేదే ఎక్కువ.

బెంచ్‌మార్క్‌లో నాకు నచ్చేది సైడ్ ఎఫెక్ట్స్ పద్ధతి. బేరింగ్ సీటూ, ఇరుసు మరా ఉండే ముక్క విడిగా వస్తుంది. మర పోతే ఆ ముక్క మార్చుకుంటే చాలు, యోయో మొత్తం పారెయ్యక్కర్లేదు. పని తెలిసినవాడు గీసిన డ్రాయింగ్ అది. వన్ డ్రాప్ వాళ్లు ఒరెగాన్‌లోని యూజీన్‌లో సొంత మిషన్ల మీద కోసుకుంటారు, ఆ తేడా కనిపిస్తుంది.

బెజవాడ త్రో

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. సైడ్ ఎఫెక్ట్స్‌లో ఇత్తడివి కూడా ఉంటాయట కదా. అవి వేస్తే బెంచ్‌మార్క్ బైమెటల్‌లా ఆడుతుందా?

ఫ్రీమాంట్ అక్క

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నేను ఇక్కడ కాలిఫోర్నియాలో చిన్న చిన్న కాంటెస్ట్‌లలో ఆడుతుంటాను. లేతు గారు చెప్పినదాంట్లో ఒక్కటి ఒప్పుకోను. హారిజాంటల్ నేర్చుకునే దశలో బైమెటల్ నిజంగా సాయం చేస్తుంది. వాలడం ఆలస్యమైనప్పుడు నీ చెయ్యి ఎక్కడ పక్కకి పోతోందో చూసుకునే టైము దొరుకుతుంది. షటర్‌లో అది తెలిసేలోపే అయిపోతుంది. ఫైనల్స్‌లో మూడు నిమిషాల రొటీన్ చేసేవాళ్లలో చాలామంది చేతుల్లో బైమెటల్ కనిపించేది కూడా ఇందుకే. కాంబో చివర్లో కూడా శక్తి మిగిలి ఉంటుంది.

కానీ దానికి మూల్యం ఉంది. ఉక్కు అంచు వేలి కణుపుకి తగిలిందంటే దేవుడు కనిపిస్తాడు. వేగంగా ఆడుతూ క్యాచ్ తప్పితే అల్యూమినియం కొట్టినట్టు ఉండదు. ఇంకా, నీకు బొటనవేలి మీద గ్రైండ్ (తిరిగే యోయోని వేలి మీద నిలిపి జారనివ్వడం) ఇష్టమైతే లోపలి కప్పు ఫినిష్ చూడు. బ్లాస్ట్ చేసిన గరుకు ఉపరితలం మీద వేలు ఆనే చోటు తక్కువ కాబట్టి జారుతుంది, మెరిసేలా పాలిష్ చేసింది చర్మాన్ని పట్టేస్తుంది. బెజవాడ ఎండల్లో చెమట చేతులతో పాలిష్ యోయో మీద గ్రైండ్ అంటే మర్చిపో తమ్ముడూ.

బాలానగర్ లేతు

అక్క చెప్పిన టైము దొరకడం అనే మాట ఒప్పుకుంటాను. నేర్చుకునేవాళ్ల వైపు నుంచి నేను చూడలేదు.

తమ్ముడూ, ఇత్తడి వేస్తే బరువు పెరుగుతుంది కానీ అది నడుమ పెరుగుతుంది. కాబట్టి యోయో చేతికి బరువుగా, కిందికి దిగేటప్పుడు దిట్టంగా అనిపిస్తుంది, తిరిగే పట్టు మాత్రం ఆ లెక్కన పెరగదు. కొంచెం మందంగా ఆడటం ఇష్టమున్నవాళ్లకి అది సరదాగా ఉంటుంది. నీ హారిజాంటల్‌కి మందు కాదు.

నీకు హారిజాంటలే ముఖ్యమైతే డ్రాప్‌నిర్ తెప్పించుకో. అన్ని రకాలూ ఆడుతూ, సిమెంట్ నేల మీద పడేసుకుంటూ, ఏళ్ల తరబడి మరమ్మతు చేసుకుంటూ వాడతానంటే బెంచ్‌మార్క్ వి. నన్నడిగితే రెండోదే కొంటా. ఏది తెప్పించుకున్నా 19 మిల్లీమీటర్ల సన్న ప్యాడ్‌లు కొన్ని, పాలిస్టర్ దారం పెద్ద కట్ట ఒకటి కలిపి తెమ్మను. ప్యాడ్‌లు మిగిలితే నీ షటర్‌కి సరిపోతాయి. బి-గ్రేడ్ కనిపిస్తే మాత్రం అది రంగులో మచ్చ వల్లనా, వైబ్ వల్లనా అని అమ్మేవాణ్ణి అడిగించు. మచ్చ అయితే కళ్లు మూసుకుని తీసుకో, అమ్మకి చెప్పే ధర కూడా తగ్గుతుంది.