అంచుకి ఎర్ర గీత ఉంటే జపాన్ జీన్స్ అసలుదేనా?

వాసు_బెజవాడ
సెకండ్ హ్యాండ్‌లో జపాన్ బ్రాండ్ ఎవిసు జీన్స్ ఒకటి చూశాను. 90ల నాటిది, జపాన్‌లోనే కుట్టింది అంటున్నాడు అమ్మే అతను. రుజువుగా కాలు మడిచి సెల్వెడ్జ్ (మగ్గం మీదే మూసుకున్న బట్ట అంచు) ఎర్ర గీత చూపిస్తున్నాడు. ఆ గీత ఉంటే చాలనే నేనంటాను. నకిలీ చేసేవాడు అంత ఖరీదైన బట్ట ఎందుకు వాడతాడు? మా ఫ్రెండ్ మాత్రం రసీదు లేకపోతే ముట్టుకోవద్దంటున్నాడు. మీరేమంటారు?

నీలిమందు
చాలదు వాసు గారూ. ఆ గీత మగ్గం గురించి చెబుతుంది, దేశం గురించి కాదు. పాత షటిల్ మగ్గం మీద అడ్డంగా వెళ్లే పేక పోగు తెగకుండా అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి అంచు గట్టిగా మూసుకుంటుంది. అమెరికాలో కోన్ అనే డెనిమ్ కంపెనీ వాళ్ల వైట్ ఓక్ మిల్లు 2017లో మూతపడేదాకా ఇలాంటి బట్టే నేసింది. మన అహ్మదాబాద్‌లో అరవింద్ మిల్లు కూడా నేస్తోంది. పైగా జపాన్‌వన్నీ ఎర్రగానే ఉండవు, మొమొతారో అనే జపాన్ జీన్స్ బ్రాండ్ అంచు గీత గులాబీ రంగు. గీత చూసి డబ్బు పెట్టడం, జరీ చూసి కంచిపట్టు అనుకోవడం లాంటిదే.

టోక్యో_తెలుగోడు
అంచు వదిలేయండి, లోపలి లేబుల్ ఫోటో అడగండి. జపాన్‌లో అమ్మే బట్టల మీద నూలు ఎంత శాతం, బాధ్యులెవరు, వాళ్ల అడ్రస్ లేదా ఫోన్ నంబర్ జపనీస్‌లో ఉండాలని చట్టం. అసలు ఆధారం దొరికేది ఉతుకు గుర్తుల దగ్గర. పాత జపాన్ గుర్తుల్లో వాషింగ్ మెషిన్ బొమ్మ ఉండేది, ఇస్త్రీపెట్టె బొమ్మ లోపల వేడి ఎంతో కాంజీ (జపనీస్‌లో వాడే చైనా లిపి) అక్షరంతో రాసేవాళ్లు. 2016 డిసెంబర్‌లో అవి పోయి అంతర్జాతీయ గుర్తులు వచ్చాయి: నీళ్ల తొట్టి, ఇస్త్రీపెట్టెలో చుక్కలు. 90ల జీన్స్ అంటూ జపనీస్ లేబుల్ మీద చుక్కల ఇస్త్రీపెట్టె కనిపిస్తే అది ఆ కాలంది కాదు, అంతే.

కుట్టుమిషన్
అన్నా, ఎగుమతికి కుట్టినవాటి మీద చుక్కలు అప్పుడూ ఉండేవి కదా? లేబుల్ ఒక్కదానితో తేల్చేస్తే మంచి జత చేజారిపోతుంది. నేనైతే చేతిపనిని నమ్ముతాను. ఎవిసు 1991లో ఒసాకాలో హిదెహికో యమానె మొదలుపెట్టింది. వెనక జేబుల మీద సీగల్ (సముద్రపు పక్షి) బొమ్మ బ్రష్‌తో వేసేవాళ్లు. చేత్తో వేసిన గీత ఎడమ జేబుకీ కుడి జేబుకీ అచ్చుగుద్దినట్టు రాదు. ఒకచోట రంగు మందంగా, ఇంకోచోట పల్చగా నేతలోకి ఇంకి ఉంటుంది. రెండు జేబులూ ఒకేలా, స్టిక్కర్‌లా మెరుస్తుంటే నాకు అనుమానం వస్తుంది.

నీలిమందు
అనుమానం వరకూ సరే, తీర్పు ఇవ్వలేం. జపాన్ బయట అమ్మే ఎవిసు వేరే కంపెనీ చేతిలో ఉంది. అదీ అసలు బ్రాండే, కానీ వాసు గారు అడుగుతున్నది అది కాదు. బట్టదీ ఇదే తంటా. జపాన్‌లో ఫుకుయామాలోని కైహారా మిల్లు 1893లో కసురి (మన ఇక్కత్ లాంటిది) నేతతో మొదలై డెనిమ్‌లో పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ పేరు ట్యాగ్ మీద ఉన్నా ప్యాంటు ఎక్కడ కుట్టారో తెలీదు. వాళ్లకి థాయ్‌లాండ్‌లో కూడా మిల్లుంది. 'జపాన్ బట్ట', 'జపాన్‌లో కుట్టింది' వేర్వేరు మాటలు. అమ్మేవాళ్లు ఈ రెండింటినీ కావాలనే కలిపేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

టోక్యో_తెలుగోడు
కుట్టుమిషన్ చెప్పిన ఎగుమతి పాయింట్ ఒప్పుకుంటాను. కానీ అప్పుడు లేబుల్ మొత్తం జపనీస్‌లో ఉండదు కదా.

వాసు_బెజవాడ
లేబుల్ రెండు వైపులా, రెండు జేబులూ దగ్గర నుంచి ఫోటోలు అడిగాను. ఒకటే సందేహం: ఉతికి ఉతికి లేబుల్ చెరిగిపోయిందని అంటే?

కుట్టుమిషన్
అప్పుడు 90ల జపాన్ జత ధర ఇవ్వకండి. మామూలు పాత ప్యాంటు ధరకి ఇస్తే, బట్ట నచ్చితే తీసుకోండి.