శంషాబాద్ దగ్గర పెళ్లి, 249 గ్రాముల డ్రోన్: పర్మిషన్ కావాలా?

కల్వకుర్తి_పిల్లోడు:
అన్నలూ, వచ్చే నెల మా అక్క పెళ్లి. ఫంక్షన్ హాల్ శంషాబాద్‌లో, బెంగళూరు హైవే పక్కనే. హల్దీ మాత్రం కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో. డల్లాస్‌లో ఉండే మా బావ 249 గ్రాముల డ్రోన్ తెస్తానంటున్నాడు, 250 లోపు అయితే ఏ రూలూ లేదు, ఎక్కడైనా ఎగరేసుకోవచ్చు అని గట్టిగా చెప్తున్నాడు. నిజమేనా? పెళ్లిలో పోలీసులు వస్తే నాన్న పరువు పోతుందని టెన్షన్‌గా ఉంది.

గాలిపటం_77:
నిజం కాదు తమ్ముడూ. బరువు చూసి వచ్చే మినహాయింపులు వేరు, ఎక్కడ ఎగరేయొచ్చు అనేది వేరు. మన దగ్గర 2021 డ్రోన్ రూల్స్ నడుస్తున్నాయి. 250 గ్రాముల లోపు ఉంటే నానో, దానికి పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ అడగరు, అంతవరకు మీ బావ మాట కరెక్టే. కానీ రిజిస్ట్రేషన్ నంబర్ నానోకి కూడా కావాలి, జోన్ రూల్ కూడా అందరికీ ఒకటే. ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపు రెడ్ జోన్, కేంద్రం అనుమతి లేకుండా లేపకూడదు. 5 నుంచి 8 దాకా నేల మీది నుంచే యెల్లో, అంటే ఏటీసీ, అదే విమానాల రాకపోకల్ని నడిపించే కంట్రోల్ వాళ్ల అనుమతి ఉండాలి. 8 నుంచి 12 దాకా 200 అడుగుల వరకు ఫ్రీ, ఆపైన యెల్లో. చాలామంది గూగుల్ మ్యాప్‌లో టెర్మినల్ నుంచి కొలిచి మేం దూరంగానే ఉన్నాం అనుకుంటారు. కొలవాల్సింది ప్రహరీ నుంచి, ఆ ఎయిర్‌పోర్ట్ వేల ఎకరాల్లో ఉంది, కాబట్టి లెక్క చాలా మారిపోతుంది. మీ హాల్ శంషాబాద్‌లోనే అంటున్నావు, అది రెడ్‌లోనే ఉంటుంది. అక్కడ దిగే విమానాలు ఎంత కిందగా వస్తాయో హైవే మీద వెళ్లే ఎవరికైనా కనిపిస్తుంది, ఆ దారిలో చిన్న డ్రోన్ అడ్డం వచ్చినా పైలట్‌కి తప్పించుకునే టైమ్ ఉండదు. జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది, అయినా నన్నడిగితే విమానంలో కూర్చున్నవాళ్ల కోసమే ఆ ఆలోచన మానుకోండి.

ఇంకో సంగతి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. బ్యాగులో పెట్టుకొస్తే కస్టమ్స్‌లో పట్టేసుకోవచ్చు. బావకి ఇప్పుడే చెప్పు, టికెట్‌తో పాటు అది కూడా కొనేయకముందే.

సూరి_ఫొటోస్:
పెళ్లిళ్లకి వీడియోలు తీసేవాణ్ని, పైన అన్న చెప్పినదానికి కొంచెం కలుపుతా. 249 అనేది మామూలు బ్యాటరీతో ఉండే బరువు. పెద్ద బ్యాటరీ వేసినా, రెక్కలకి గార్డులు తగిలించినా 250 దాటుతుంది, అప్పుడది మైక్రో. మైక్రోని డబ్బులు తీసుకుని ఎగరేస్తే సర్టిఫికెట్ తప్పనిసరి, కాబట్టి ఎవరినైనా మాట్లాడుకుంటే ముందే వాళ్ల సర్టిఫికెట్, డ్రోన్ నంబర్ రెండూ అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

హల్దీ దగ్గర ఎక్కువ భయపడాల్సింది కరెంటు తీగలకి. చిన్న డ్రోన్ల సెన్సర్లకి సన్న తీగ కనపడదు. సిగ్నల్ పోతే అదంతట అదే వెనక్కి వచ్చే ఎత్తు ఒకటి సెట్టింగ్‌లో ఉంటుంది, దాన్ని చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన కొబ్బరి చెట్టుకో సెల్ టవర్‌కో పైన ఉండేలా పెట్టుకోవాలి. స్లాబ్ మీద నుంచి లేపొద్దు, లోపలి ఇనుప చువ్వల వల్ల కంపాస్ తప్పుతుంది, ఖాళీ చేలో నుంచి లేపండి. పిల్లలు దాని కిందకే పరిగెత్తుతారు, ఒకరిని కాపలా పెట్టండి. దిగేటప్పుడు చేత్తో అందుకోవడం అసలొద్దు, ఒక పిల్లాడి వేళ్లు తెగడం కళ్లారా చూశా. ఉబ్బిన బ్యాటరీ అయితే పక్కన పడేయండి, ఇంకొక్కసారి అని వాడొద్దు. బరాత్‌లో టపాసులు పేలుస్తున్నప్పుడు పైన డ్రోన్ ఉండకూడదు.

కల్వకుర్తి_పిల్లోడు:
చాలా థాంక్స్ అన్నా. బావకి ఫోన్ చేసి చెప్పేశా, తేవట్లేదు. హాల్ దగ్గర డ్రోన్ వద్దని ఇంట్లో కూడా ఒప్పించా. ఊళ్లో హల్దీకి ఇక్కడి ఫొటోగ్రాఫర్‌నే పెట్టుకుంటే అక్కడ ఏ అనుమతీ అక్కర్లేదా?

గాలిపటం_77:
ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ ఊరు చూడు. గ్రీన్ అయితే 400 అడుగుల లోపు అనుమతి అవసరం లేదు, డ్రోన్ మాత్రం కంటికి కనపడేంత దూరంలోనే ఉండాలి. ఫంక్షన్ రోజు పొద్దున మళ్లీ ఒకసారి చూడు, ఎస్పీ స్థాయి అధికారి ఏ ప్రాంతాన్నయినా 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ చేయొచ్చు, మంత్రుల పర్యటనలో ఎన్నికలో ఉంటే ఇది జరుగుతుంది. స్టేషన్‌కి వెళ్లి ఎస్సై గారికి ఒక మాట చెప్పి రండి, రూల్ అని కాదు, ఎవరైనా ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే వాళ్లకి ముందే తెలిసి ఉంటుంది.