తక్కువ బడ్జెట్ డెస్క్‌టాప్: డబ్బు ప్రాసెసర్‌కా, ర్యామ్‌కా?

మొదటి_బిల్డ్:
అందరికీ నమస్కారం. మొదటిసారి సొంతంగా డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకుంటున్నాను. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, బ్రౌజర్లో బోలెడు ట్యాబులు, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్, రాత్రి ఓ గంట గేమ్... ఇవీ నా పనులు. గ్రాఫిక్స్ కార్డు వచ్చే ఏడాది చూసుకుందాం అనుకుంటున్నా. లిస్టులో ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 రకం ర్యామ్ ఒకే స్టిక్ రాసుకున్నాను. ప్రాసెసర్ మాటిమాటికీ మార్చలేం, ర్యామ్ అయితే ఎప్పుడైనా వేసుకోవచ్చు కదా అని డబ్బంతా ప్రాసెసర్ మీదే పెట్టాను. సరేనంటారా?

స్క్రూడ్రైవర్:
ఆర్డర్ పెట్టేశారా? పెట్టకపోతే ఒక్క నిమిషం ఆగండి. 5600లో గ్రాఫిక్స్ లేదు. కార్డు లేకుండా మానిటర్ మీద ఏమీ రాదు. బోర్డు వెనకాల హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, కేబుల్ చక్కగా దూరుతుంది కూడా, మోసపోయేది అక్కడే.

నాకు ఇంటెల్‌తో ఇదే జరిగింది. ఐ3 12100ఎఫ్ తెచ్చుకున్నా. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నలుపు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. ర్యామ్ పీకడం, పెట్టడం, కేబుల్ మార్చడం, ఇలా రెండు రోజులు గడిచాక తెలిసింది, చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టని. కార్డు కొనని వాళ్లు ఇంటెల్‌లో ఎఫ్ లేనిది చూసుకోవాలి. ఏఎం4 (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు, పాతది) రైజెన్లలో చివర జీ ఉన్నది చూడాలి. దాని తర్వాతి సాకెట్ ఏఎం5కి వస్తే మామూలు 7600లో కూడా చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంది, 7500ఎఫ్‌లో లేదు.

మొదటి_బిల్డ్:
అమ్మో, బతికించారు! ఇంకా కొనలేదు. అయితే 5600కి బదులు 5600జీ తీసుకుంటే సరిపోతుందిగా? 8 జీబీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

కోడ్_కూలీ:
8 జీబీతో ఏడాదిన్నర పనిచేసిన వాణ్ని. ఎడిటర్, బ్రౌజర్, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ మూడూ తెరిస్తే మౌస్ కూడా కదిలేది కాదు. ప్రాసెసర్ పాతదైపోయింది అనుకుని కొత్తదాని కోసం డబ్బులు దాచడం మొదలుపెట్టాను. తీరా ఓ రోజు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ పావు వంతు కూడా పనిచేయడం లేదు. మెమరీ నిండిపోయి, సరుకంతా ఎస్‌ఎస్‌డీ మీదికి పోతూ వస్తూ ఉంది. 16 జీబీ చేశాక అదే ప్రాసెసర్‌తో ఇప్పటికీ లాగిస్తున్నా.

మీరు ఇప్పుడు వాడుతున్న కంప్యూటర్‌లో రోజూ చేసే పనులన్నీ ఒకేసారి తెరిచి, టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ‘కమిటెడ్’ (తెరిచినవన్నీ కలిపి అడిగిన మెమరీ) అన్న అంకె చూడండి. ఎన్ని సలహాలు అడిగినా ఆ అంకె చెప్పినంత బాగా ఎవరూ చెప్పరు.

రాత్రి_గేమర్:
బ్రో, నాది 5600జీయే. ముందు 8 జీబీ ఒక్కటే పెట్టా. అందులోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. 2 జీబీ దానికి కేటాయిస్తే విండోస్‌కూ గేమ్‌కూ కలిపి మిగిలేది 6. గేమ్ నడిచేది కానీ ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకునేది. రెండో 8 జీబీ పెట్టాక వేరే మెషీన్ అనిపించింది. సైజు పెరిగినందుకే కాదు, రెండు స్టిక్‌లు అయినందుకు కూడా.

పాత_సీపీయూ:
ఆ చివరి మాట గట్టిగా పట్టుకోండి. డీడీఆర్4లో 3200 వేగం స్టిక్ ఒక్కటైతే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ, రెండు చానళ్లలో (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారులు) రెండు స్టిక్‌లైతే 51.2 జీబీ. విడిగా కార్డు ఉన్నవాళ్లకు ఈ తేడా అంతగా తెలియదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద బతికేవాళ్లకు మాత్రం అదే ప్రాణం.

‘ర్యామ్ ఎప్పుడైనా వేసుకోవచ్చు’ అన్నది సగం నిజమే తమ్ముడూ. చవక బోర్డుల్లో చాలావాటికి స్లాట్లు రెండే. రెండు 4 జీబీలు పెట్టుకున్నావంటే పెంచేటప్పుడు రెండూ తీసేయాల్సిందే. వేరే కంపెనీ స్టిక్ తెచ్చి పక్కన పెడితే చాలాసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు మొండికేస్తుంది. పైగా ర్యామ్ ధర రోజురోజుకూ తగ్గేదే అనుకునే రోజులు పోయాయి. 2025 చివర్లో ఎలా ఎగబాకిందో చూశాం కదా, ఏఐ సర్వర్లకు మెమరీ తరలిపోయి.

ఎడిటింగ్_పిచ్చి:
నేను కాస్త అడ్డం వస్తా. 5600జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600లో 32. జీలో పీసీఐఈ (కార్డుకు వెళ్లే దారి) 3.0 మాత్రమే, 5600లో 4.0. వచ్చే ఏడాది కార్డు పెట్టాక గేముల్లో 5600దే పైచేయి. అంటే ఇవాళ్టి గ్రాఫిక్స్ కోసం రేపటి వేగం కొంత వదులుకుంటున్నట్టు. ఇంటెల్ ఐ5 12400 చూడండి. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్. గేములకు ఆ గ్రాఫిక్స్ 5600జీ కంటే బలహీనమే, దాచను. కానీ అందులోని క్విక్ సింక్‌ను (వీడియో పని కోసమే ఉన్న భాగం) వాడుకునే సాఫ్ట్‌వేర్ ఉంటే వీడియో ఎడిటింగ్ హాయిగా సాగుతుంది.

ఇంకో మాట. 12వ తరం ఇంటెల్ డీడీఆర్4, డీడీఆర్5 రెంటితోనూ పనిచేస్తుంది కానీ బోర్డు మాత్రం ఏదో ఒకదానికే. రెండిటికీ పిన్నులు 288యే, గాడి చోటు వేరు. బలవంతంగా నొక్కితే విరిగేది స్లాటే.

కోడ్_కూలీ:
ఏఎం5 సంగతి ఎవరూ ఎత్తరేం?

పాత_సీపీయూ:
ఎత్తుదాం. 2017లో బీ350 బోర్డు, రైజెన్ 5 1600 కొన్నాను. తర్వాత బయాస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, అదే బోర్డులో, అదే ర్యామ్‌తో 5600 పెట్టాను. ఏఎం4 ఇచ్చిన ఆ సుఖం ఇప్పుడు కొనేవాళ్లకు ఏఎం5లో దొరుకుతుంది. 2022లో 7000 సిరీస్‌తో వచ్చింది, 2024లో 9000 సిరీస్ కూడా అదే సాకెట్‌లో కూర్చుంది. చిక్కల్లా అది డీడీఆర్5 తప్ప ముట్టదు. పిండి కొద్దీ రొట్టె. రెండు 8 జీబీ డీడీఆర్5 స్టిక్‌లకు డబ్బు సరిపోతే ఏఎం5 వైపు వెళ్లు. ఒకే స్టిక్‌తో సరిపెట్టుకోవాల్సి వస్తే వద్దు.

రాత్రి_గేమర్:
డీడీఆర్5 కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. మొదటిసారి ఆన్ చేస్తే మెమరీ ట్రైనింగ్ అని, బోర్డు ర్యామ్‌కు సరిపోయే సెట్టింగులు వెతుక్కుంటూ, కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మా బావ టెన్షన్ పడి మూడుసార్లు పవర్ పీకాడు, మూడుసార్లూ మొదటికొచ్చింది. నాలుగు స్లాట్లూ నింపుదాం అనుకోకండి. రైజెన్ 7000కి రెండు స్టిక్‌లతో ర్యామ్ వేగం అధికారికంగా 5200, నాలుగు పెడితే 3600.

మొదటి_బిల్డ్ (పన్నెండు రోజుల తర్వాత):
కమిటెడ్ అంకె చూశాను. నా పాత ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ మొదలుపెట్టకముందే 11 జీబీ! ఇక ఆలోచించలేదు. ప్రాసెసర్ ఒక మెట్టు దిగి ఐ3 12100 తీసుకున్నా, ఎఫ్ లేనిదే, మూడుసార్లు డబ్బా చదివి మరీ. మిగిలిన డబ్బు బీ660 బోర్డుకూ, రెండు 8 జీబీ డీడీఆర్4 3200 స్టిక్‌లకూ వెళ్లింది.

తప్పులు చేయకుండా ఉంటానా? రెండు స్టిక్‌లనూ ప్రాసెసర్ పక్కనున్న మొదటి రెండు స్లాట్లలో పెట్టేశాను. సీపీయూ-జెడ్‌లో (హార్డ్‌వేర్ వివరాలు చూపే ప్రోగ్రామ్) చూస్తే సింగిల్ చానల్. మాన్యువల్‌లో ఏ2, బీ2 అని, అంటే రెండోదీ నాలుగోదీ అని, బొమ్మ వేసి మరీ ఉంది.

స్క్రూడ్రైవర్:
ఎక్స్‌ఎంపీ, అదే ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే ప్రొఫైల్, ఆన్ చేశారా?

మొదటి_బిల్డ్:
లేదు! ఇప్పుడే చూశా, 2133 దగ్గర నడుస్తోంది.

స్క్రూడ్రైవర్:
బయాస్‌లోకి వెళ్లి ప్రొఫైల్ ఆన్ చేయండి. డబ్బా మీది 3200 దానంతటదే రాదు. ఏఎం5 వాళ్లకైతే ఎక్స్‌పో అని కనిపిస్తుంది. తర్వాత ఓ రాత్రి మెమ్‌టెస్ట్ (ర్యామ్‌లో తప్పులు పట్టే ప్రోగ్రామ్) నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ మార్చమని అడగండి.

ఎడిటింగ్_పిచ్చి:
నాలుగు కోర్లతో ఎక్స్‌పోర్ట్ కొట్టేటప్పుడు నన్ను తలుచుకుంటారు.

మొదటి_బిల్డ్:
తలుచుకున్నానండీ, నిన్ననే. నెమ్మదే, అబద్ధమెందుకు. కానీ అది నడుస్తుండగా పక్కన కోడ్ రాసుకున్నా, ఏదీ ఆగలేదు. ఎక్స్‌ఎంపీ పెట్టాను, 3200 చూపిస్తోంది. మెమ్‌టెస్ట్ ఇవాళ రాత్రికి.