బ్రోకెన్ కొండ మీద ఎండిన అడవిని కొట్టేయాలా, అలాగే వదిలేయాలా?

హానోవర్_మావాడు:
మొన్న ఆదివారం పిల్లల్ని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకుని ఇక్కడ జర్మనీలోని హార్జ్ కొండలకు వెళ్ళాం. బాద్ హార్జ్‌బుర్గ్‌లో రైలు దిగి, బస్సులో టోర్ఫ్‌హౌస్, అక్కడి నుంచి గోథెవేగ్ దారిలో బ్రోకెన్ వైపు. శిఖరం 1141 మీటర్లు, నడక 8 కిలోమీటర్లు. అమ్మ మోకాళ్ళ వల్ల సగంలోనే వెనక్కి తిరిగాం, అది వేరే సంగతి. అసలు గొడవ అడవితో. కొండలకు కొండలు బూడిదరంగు మోళ్ళు. ఆకు లేదు, బెరడు లేదు. నిలబడ్డవి కొన్ని, అగ్గిపుల్లల్లా ఒకదాని మీద ఒకటి పడ్డవి కొన్ని.

నాన్న ముప్పై ఏళ్ళు మారేడుమిల్లి వైపు అటవీ శాఖలో పనిచేశారు. ఎండిన చెట్టుకు నంబరు వేసి, కొట్టించి, డిపోకి పంపించడం ఆయనకు తెలిసిన పద్ధతి. "ఇంత కలప కుళ్ళబెడుతున్నారేంట్రా, అడిగేవాడే లేడా?" అన్నారు. నేషనల్ పార్క్ వాళ్ళ బోర్డు చదివి వినిపించాను: ప్రకృతి పని ప్రకృతిని చేసుకోనివ్వడమే తమ విధానమట. ఆయనకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. ఎండినవన్నీ తీసేసి కొత్త మొక్కలు నాటాలనే నేనంటాను. మీరేమంటారు?

క్లౌస్టాల్_కుర్రాడు:
అన్నా, నేను ఆ కొండల మధ్యే చదువుకుంటున్నా, ఆ మోళ్ళ మధ్య నుంచే రోజూ బస్సులో వెళ్తా. మొదటి నెల నాకూ ఏడుపొచ్చింది.

మీరు చూసినవి స్ప్రూస్ చెట్లు, ఆకులు సూదుల్లా ఉండే రకం. వాటిని చంపింది వాన లేకపోవడమూ, ఒక పురుగూ కలిసి. 2018 జనవరిలో ఫ్రీడెరికె తుఫాను చాలా చెట్లను పడగొట్టింది. ఆ వెంటనే 2018, 19, 20 వరుసగా కరువు. స్ప్రూస్‌కి పైపైనే వేళ్ళుంటాయి, నీళ్ళు అందకపోతే జిగురు ఊరదు. ఆ జిగురే దాని ఆయుధం, పురుగు బెరడు తొలిస్తే దాన్ని ముంచి చంపేస్తుంది. జిగురు లేని చెట్టు తలుపు తీసి ఉన్న ఇల్లే.

పురుగు పేరు బుఖ్‌డ్రుకర్. అంటే పుస్తకాలు అచ్చువేసేవాడు. ఎందుకా పేరని నేనూ అనుకున్నా. ఒకరోజు పడిపోయిన మాను మీది బెరడు ముక్క ఊడదీసి తిప్పి చూశా. మధ్యలో నిలువుగా ఒక కాలువ, దానికి రెండు వైపులా దువ్వెన పళ్ళలా సన్నటి అడ్డగీతలు. ఒక్కో గీత మొదట్లో దారమంత, పోనుపోను లావవుతుంది, ఎందుకంటే అది తొలిచిన పిల్లపురుగు లోపలే పెరుగుతూ పోయింది. అచ్చం పుస్తకంలో పంక్తులే. పెద్ద పురుగు కూడా దాదాపు 5 మిల్లీమీటర్లే.

ఇంకో మాట. మీరు 'అడవి' అంటున్నది నిజానికి తోట. గోస్లార్ పక్కన రామెల్స్‌బెర్గ్ గనుల్లో వెయ్యేళ్ళకు పైగా తవ్వారు, 1988లో మూసేశారు. గని గోడలకు ఊతకర్రలు, లోహం కరిగించడానికి బొగ్గు, అన్నీ ఈ కొండల నుంచే. పాత అడవి అయిపోయాక త్వరగా, నిటారుగా పెరుగుతుందని స్ప్రూస్ నాటారు. మన దగ్గర జామాయిల్ తోట లాంటిదే. చచ్చింది తోట. దాన్ని మళ్ళీ నాటాలని ఎందుకు?

రూర్_రాంబాబు:
తోటైతే కోసి అమ్ముకోవాలి కదా బ్రో, కుళ్ళబెట్టడం దేనికి? 😀

క్లౌస్టాల్_కుర్రాడు:
ఆ ఏళ్ళలో దేశమంతా ఒకేసారి పురుగు కలప బజారుకొచ్చి ధర పడిపోయింది అన్నా. పార్క్ బయట ఉన్న అడవుల్లో చాలా చోట్ల కొట్టేశారు కూడా. ఆ గుట్టలు ఇప్పుడు చూడండి, గుండు గీసినట్టుంటాయి. యంత్రం తిరిగిన చోట మట్టి గట్టిపడి, వానకు చాళ్ళలోంచి నీళ్ళు కిందికి ఉరుకుతుంటాయి.

వెర్నిగెరోడె_వదిన:
బాబూ, పుస్తకాల సంగతి బాగుంది. 2022 సెప్టెంబర్‌లో నువ్వు ఇక్కడ లేవనుకుంటా.

మా బాల్కనీలోంచి కొండ కనిపిస్తుంది. ఆ శనివారం మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి వెళ్తే పొగ. మబ్బేమో అనుకున్నా, బ్రోకెన్ మీద ఏడాదిలో మూడొందల రోజులు పొగమంచే కాబట్టి. సాయంత్రానికి వాసన వచ్చింది. శిఖరం మీదున్న జనాన్ని దించేశారు, ఆవిరి రైలు ఆపేశారు. ఆర్పడానికి ఇటలీ నుంచి విమానాలు రావాల్సి వచ్చింది! షీర్కె ఊరు ఎంత దగ్గరో మ్యాప్ తెరిచి చూడు. అక్కడ హోటల్ నడుపుకునేవాళ్ళకు వెళ్ళి చెప్పు, చచ్చిన చెట్లు ప్రకృతి అని. 2024లో అదే చోట మళ్ళీ అంటుకుంది.

మొత్తం కొట్టేయమని నేను అనను. ఊళ్ళ పక్కన, దారుల పక్కన, రైలు పట్టాల పక్కన మాత్రం ఖాళీ చేయాల్సిందే. మంటలు అయ్యాకే కదా దీని గురించి గట్టిగా ఆలోచించారు, ముందే చేసుంటే పోయేది.

క్లౌస్టాల్_కుర్రాడు:
ఊళ్ళ పక్కన తీసేయాలన్నది ఒప్పుకుంటా వదినా. కానీ మంటను పరుగెత్తించేది లావు మాను కాదు. ఎండుగడ్డి, సన్న పుల్లలు, కొత్తగా చచ్చిన చెట్టు మీది ఎర్రబడ్డ సూదులు. పొయ్యిలో మొద్దు పెడితే అంటుకోవడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. మానులన్నీ తీసేస్తే గడ్డి ఇంకా ఏపుగా పెరిగి, ఇంకా తొందరగా ఎండుతుంది.

వెర్నిగెరోడె_వదిన:
మొద్దు అంటుకోవడానికి టైమ్ పడుతుంది, నిజమే. అంటుకున్నాక ఆరదు. ఆ మంటల్ని ఆర్పడానికి రోజుల తరబడి ఎందుకు పట్టిందనుకున్నావు? మానులు అడ్డంగా పడి ఉన్న చోటికి మనిషి గొట్టం పట్టుకుని వెళ్ళలేడు. పొయ్యి సంగతి నాకు చెప్పకు 🙂

మ్యూనిక్_మూర్తి:
ఈ పంచాయితీ బవేరియాలో ఎప్పుడో అయిపోయింది. బవేరియన్ ఫారెస్ట్ దేశంలోనే మొదటి నేషనల్ పార్క్, 1970లో పెట్టారు. 1983లో తుఫానుకు పడ్డ చెట్లను ముట్టుకోవద్దని అప్పటి మంత్రి నిర్ణయించాడు. తరువాత 90లలో లూజెన్ కొండ చుట్టూ పురుగు పట్టి అడవంతా బూడిదరంగు మోళ్ళైంది. అక్కడి ఊళ్ళవాళ్ళు తిట్టని తిట్టు లేదు, మా అడవిని చంపేశారని. రెండేళ్ళ కిందట నేను లూజెన్ ఎక్కాను, 1373 మీటర్లు. పైన అంతా గ్రానైట్ బండలే. కిందికి చూస్తే తెల్లబడ్డ పాత మోళ్ళ మధ్య నుంచి చిక్కటి కుర్ర అడవి. ఎవరూ నాటలేదు. పడిన మాను మీదే, కుళ్ళిన చెక్క తడిలో, వరుసగా మొలకలు. హార్జ్‌కి కూడా కొంచెం టైమ్ ఇవ్వండి.

క్లౌస్టాల్_కుర్రాడు:
మూర్తిగారూ, మీరు నా పక్షమే అయినా ఒక మెలిక ఉంది. లూజెన్ మీద స్ప్రూస్ సహజంగానే పెరిగే చెట్టు, కాబట్టి అదే తిరిగొచ్చింది. హార్జ్‌లో పై ఎత్తుల్లోనే అది సొంతచెట్టు. కింద ఉండాల్సింది బుఖె అనే ఆకురాల్చే చెట్టు. దాని విత్తనం బరువు, దగ్గర్లో తల్లిచెట్టు లేకపోతే రాదు. అందుకే పార్క్ వాళ్ళు కింది భాగంలో బుఖె మొక్కలు నాటుతున్నారు. అంటే పూర్తిగా వదిలేసిందీ లేదు.

హానోవర్_మావాడు:
చూశారా, నాటుతున్నారుగా! నేనన్నదీ అదే.

సరే, నాన్నకు మీ కామెంట్లన్నీ చదివి వినిపించాను. బెరడు మీద గీతల సంగతి విని, టేకు మానును పురుగు ఎలా తొలుస్తుందో పావుగంట చెప్పారు. తరువాత ఒక ప్రశ్న వేశారు: "కొట్టేశాక అక్కడ జింకలు మొక్కల్ని బతకనిస్తాయా?" పడిన మానుల మధ్యకి జింక దూరలేదు కాబట్టి మొలకలు బతుకుతాయి, ఖాళీ చేస్తే కంచె కట్టాలి అన్నారు. ఇది మీరెవరూ చెప్పలేదు. అలాగని ఆయన మీ పార్టీలోకి మారాడనుకోవద్దు. దారి పక్కన ఉన్న మోళ్ళకైనా నంబరు వేయాల్సిందే అంటున్నారు, తల మీద పడితే ఎవరిది పూచీ అని.

వెర్నిగెరోడె_వదిన:
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఈసారి టోర్ఫ్‌హౌస్ వద్దు, ఇల్సెన్‌బుర్గ్ నుంచి రండి. ఇల్సె వాగు వెంట పచ్చగానే ఉంటుంది, అమ్మగారు మొదటి రెండు కిలోమీటర్లు హాయిగా నడుస్తారు. పై దాకా వెళ్ళాలనుంటే వెర్నిగెరోడె నుంచి ఆవిరి రైలు ఉంది, టికెట్ మాత్రం బాగా ఖరీదు.

హానోవర్_మావాడు:
వచ్చే శనివారం అనుకుంటున్నాం వదినా. మీరూ వస్తారా? పులిహోర మా అమ్మ చేస్తుంది.

వెర్నిగెరోడె_వదిన:
వస్తా. గాలి హెచ్చరిక ఉంటే మాత్రం వద్దు, ఆ మోళ్ళు చెప్పి పడవు. శుక్రవారం రాత్రి ఫోన్‌లో వాతావరణం చూసి ఇక్కడే మెసేజ్ పెడతా.